టెండరు మారితే సర్వీసు ఎందుకు తెగాలి?

నంద్యాల జిల్లా పాములపాడు లాంటి మండల కేంద్రంలో ప్రభుత్వ సేవ జనం గడప దాకా వచ్చేది చాలాసార్లు పర్మినెంటు ఉద్యోగి చేతుల మీదుగా కాదు. ప్రమాదం జరిగితే వచ్చే 108 బండి పైలట్, అందులో కూర్చుని సెలైన్ ఎక్కించే ఈఎంటీ, సబ్‌స్టేషన్‌లో రాత్రి షిఫ్టు కాసే ఆపరేటర్, ఇంటింటికీ తిరిగి కరెంటు బిల్లు కొట్టే మీటర్ రీడర్, రక్షిత మంచినీటి పథకం దగ్గర మోటారు వేసే మనిషి, ఆస్పత్రి వార్డులు కడిగే ఆయమ్మ, వీరిలో చాలామంది ఏదో ఒక ఏజెన్సీ కింద ఉన్నవారే. ఆ ఏజెన్సీ చేతిలో ఉన్నది గడువున్న టెండరు. గడువు తీరి కాంట్రాక్టు మరొకరికి పోయిన రోజున పని ఆగదు. పనిచేసే చోటు మారదు. సాధారణంగా మనిషీ మారడు. జీతం చీటీ మీద కంపెనీ పేరు మాత్రం మారుతుంది. ఆ పేరుతో పాటే పదేళ్ల సర్వీసు లెక్కల్లో సున్నాకు వస్తుంది, నిన్నటిదాకా సీనియర్‌గా ఉన్నవాడు ఇవాళ కొత్తగా చేరినవాడవుతాడు. పర్మినెంటు చేయాలా వద్దా అన్న పెద్ద చర్చ ముప్పై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. దాని నీడలో ఈ రెండో ప్రశ్న మరుగున పడిపోయింది. కాంట్రాక్టు పోయేది యజమానికి. ఆ నష్టం కార్మికుడి సర్వీసులోంచి ఎందుకు కోయాలి? పర్మినెంటు చేసినా చేయకపోయినా, టెండరు మారినంత మాత్రాన సర్వీసు తెగకూడదన్నది న్యాయం. దాన్ని అమలు చేయడానికి కావలసిన సరంజామా చాలావరకు మన చట్టాల్లోనే ఉంది.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి 108 సేవను మించిన ఉదాహరణ మన దగ్గర లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ పేరుతో మొదలైన ఈ సేవకు వెనక ఉన్నది సత్యం రామలింగరాజు కుటుంబం. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు అంబులెన్సుల భవిష్యత్తు మీదా అనుమానాలు వచ్చాయి. ఆ ఏడాదే జీవీకే గ్రూపు ముందుకొచ్చి బాధ్యత తీసుకుంది, సంస్థ పేరు జీవీకే ఈఎంఆర్ఐ అయింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో కాంట్రాక్టు బీవీజీ ఇండియా చేతికి వెళ్లింది. 2020లో అరబిందో ఎమర్జెన్సీ మెడికల్ సర్వీసెస్‌కు వచ్చింది. ఆ ఏడాది జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108, 104 కలిపి వెయ్యికి పైగా వాహనాలకు జెండా ఊపారు. 2025లో సేవ మళ్లీ మరో సంస్థకు మారింది. 104 బండ్లది ఇంకో దారి. అవి హెచ్‌ఎంఆర్ఐ కింద మొదలై, 2016లో చంద్రన్న సంచార చికిత్స పేరుతో పిరమల్ స్వాస్థ్యకు వెళ్లి, 2020లో 108తో పాటు ఒకే గూటికి చేరాయి.

ఈ వరుసలో రెండు మలుపులను పక్కపక్కన పెట్టి చూడాలి. 2009లో జరిగింది సంక్షోభం. వ్యవస్థాపకుడు జైలుకు వెళ్లాడు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలియని స్థితి. అయినా ఉద్యోగి సర్వీసు తెగాల్సిన అవసరం రాలేదు. ఎందుకంటే ఆసరాగా నిలిచిన పెట్టుబడిదారు మారాడు తప్ప, ఉద్యోగమిచ్చిన సంస్థ అదే. 2017లో జరిగింది సజావుగా, టెండరు ప్రకారం జరిగిన మార్పు. కొత్త సంస్థ వచ్చింది, బండ్లు అవే, ఫోన్ నంబరు అదే, బండి ఎక్కిన మనుషుల్లో అత్యధికులు పాతవారే. కానీ చట్టం దృష్టిలో పాత యజమాని వెళ్లాడు, కొత్త యజమాని వచ్చాడు, సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. అంటే కూలిపోయే దశలో జరిగిన మార్పు కార్మికుడికి క్షేమంగానూ, పద్ధతిగా జరిగిన మార్పు నష్టంగానూ ముగిశాయి. కృష్ణకు అవతల తెలంగాణలో పాత సంస్థే సేవను కొనసాగిస్తూ వచ్చింది. 2007లో ఒకే నెలలో చేరిన ఇద్దరు ఈఎంటీలు, ఒకరు కొల్లాపూర్ వైపు, మరొకరు ఆత్మకూరు వైపు పనిచేస్తుంటే, ఒకే రకం రాత్రులు, ఒకే రకం రోడ్లు చూసినా వారి సర్వీసు పుస్తకాలు ఒకేలా ఉండవు. ఇందులో వాళ్ల పనితనానికి ఏ సంబంధమూ లేదు.

సర్వీసు తెగితే పోయేదేమిటి? ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడాలి. మాటల్లో చిన్నగా కనిపించే నష్టం అంకెల్లోకి వచ్చాకే తెలుస్తుంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం పెట్టిన, ఇప్పటి కార్మిక కోడ్‌లోనూ కొనసాగుతున్న నియమం ప్రకారం ఒక యజమాని దగ్గర ఐదేళ్లు నిరంతరాయంగా పనిచేసినవారికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి; నెల జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తారు. నెలకు 15,000 రూపాయల మూలవేతనం, డీఏ ఉన్న మనిషికి ఏడాదికి సుమారు 8,654 రూపాయలు. పన్నెండేళ్లు అదే పనిలో ఉంటే 1,03,846 రూపాయలు. ఆ పన్నెండేళ్లలో టెండరు మూడేళ్లకోసారి చొప్పున నాలుగు ఏజెన్సీల చేతులు మారితే, ఏ ఒక్కరి దగ్గరా ఐదేళ్లు నిండవు కాబట్టి వచ్చేది సున్నా. చట్టం ఐదేళ్లు అడుగుతుంది, టెండరు మూడేళ్లే ఇస్తుంది. ఈ రెండు అంకెలూ ఎదురుపడిన ప్రతిచోటా గ్రాట్యుటీ కాగితం మీదే మిగిలిపోతుంది. 108లో బీవీజీ కాలం మూడేళ్లు కూడా లేదు. ఆ తర్వాతి కాలం ఐదేళ్ల గీత దగ్గరే తచ్చాడింది. ఇంక్రిమెంట్లు, సంపాదించిన సెలవులు, సీనియారిటీ కూడా ఇదే దారిలో పోతాయి. సంస్థ మారిన ప్రతిసారీ 108 కార్మిక సంఘాలు పాత బకాయిలు, గ్రాట్యుటీ, సెలవుల జీతం గురించి ధర్నాలు చేయాల్సి రావడానికి కారణం ఎవరో ఒక కంపెనీ మంచితనమో చెడ్డతనమో అనుకుంటే పొరపాటు. ఏర్పాటే అలా ఉంది.

ఇదే కార్మికుడి పీఎఫ్, ఈఎస్ఐ చూస్తే కథ వేరుగా ఉంటుంది, ఆ తేడాలోనే పరిష్కారం కనిపిస్తుంది. 2014 నుంచి ప్రతి పీఎఫ్ సభ్యుడికీ యూఏఎన్ అనే సొంత నంబరు ఉంది. యజమాని మారినా ఆ నంబరు మారదు. ఈఎస్ఐ బీమా నంబరూ అంతే. అంటే ఈ రెండు చోట్లా సర్వీసు మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, గ్రాట్యుటీలో మాత్రం యజమానిని అంటిపెట్టుకుని ఉంటుంది. పీఎఫ్‌కు అనుబంధంగా ఉన్న డిపాజిట్ లింక్డ్ బీమా పథకం ఇంకా ఒక అడుగు ముందుకేసింది. సభ్యుడు చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు ఇచ్చే ఈ పథకంలో పన్నెండు నెలల సర్వీసు ఒకే సంస్థలో ఉండనక్కరలేదని, వేర్వేరు సంస్థల్లో చేసినా కలుపుతామని 2021లో తేల్చారు. 2025లో మరో సవరణతో, రెండు ఉద్యోగాల మధ్య రెండు నెలల లోపు ఖాళీ వచ్చినా సర్వీసు తెగినట్టు కాదన్నారు. మరణించిన కార్మికుడి విషయంలో ప్రభుత్వం ఒప్పుకున్న సూత్రం బతికున్న కార్మికుడి గ్రాట్యుటీకి ఎందుకు పనికిరాదో చెప్పగల తర్కం ఏదీ లేదు.

కోర్టులు ఈ విషయంలో ఏం చెప్పాయి? ఎక్కువగా వినిపించేవి రెండు తీర్పులు. 2001 ఆగస్టులో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన కార్మికులు తమంతట తాముగా అసలు యజమాని ఉద్యోగులు అయిపోరని చెప్పింది. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం, పోటీ పరీక్ష, రోస్టర్ లేకుండా దొడ్డిదారిన చేరినవారిని పర్మినెంటు చేయమని కోర్టులు ఆదేశించరాదంది. ఈ రెండింటినీ చూపించి ఔట్‌సోర్సింగ్ కార్మికులకు ఏ హక్కూ లేదని తేల్చేసే ఫైళ్లు సచివాలయంలో కోకొల్లలు. కానీ స్టీల్ అథారిటీ తీర్పులోనే, రెగ్యులర్ నియామకాలు చేసేటప్పుడు పాత కాంట్రాక్టు కార్మికులకు వయసు, చదువు నిబంధనలు సడలించి ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. 1992లో పియారా సింగ్ కేసులో అదే కోర్టు, ఒక తాత్కాలిక ఉద్యోగిని తీసేసి అతని చోట మరో తాత్కాలిక ఉద్యోగిని పెట్టడం కూడదని చెప్పింది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో, కేంద్ర జల సంఘంలో ఏళ్లకేళ్లు పనిచేసిన సఫాయి కార్మికుల పక్షాన నిలబడి, ఉమాదేవి తీర్పును కవచంగా వాడుకుని శాశ్వత స్వభావమున్న పనిని తాత్కాలికం పేరుతో, ఔట్‌సోర్సింగ్ పేరుతో నడపడాన్ని తప్పుబట్టింది. వీటన్నిటినీ కలిపి చదివితే తేలేది ఇది: పర్మినెంటు చేయడానికి కోర్టులు గీసిన గీతలు ఉన్నాయి. సర్వీసు కొనసాగించడానికి అడ్డుగా అవి గీసిన గీత ఏదీ లేదు.

నిజానికి యజమాని మారినా సర్వీసు నిలవాలన్న ఆలోచన మన చట్టానికి కొత్త కాదు. బార్సీ లైట్ రైల్వే కంపెనీకి ప్రభుత్వంతో ఉన్న ఒప్పందం ముగిసి, 1954 జనవరి 1 నుంచి ఆ లైను ప్రభుత్వపరమైంది. సిబ్బందిలో ఎక్కువమందిని ప్రభుత్వమే తీసుకుంది. పాత కంపెనీ పరిహారం ఇవ్వాలా అన్న వివాదం 1956 నవంబరులో సుప్రీంకోర్టు ముందు కార్మికులకు వ్యతిరేకంగా ముగిసింది. మరుసటి ఏడాదే పార్లమెంటు కదిలి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ సెక్షన్‌ను కొత్త రూపంలోకి తెచ్చింది, ఆ నియమమే ఇప్పటి కార్మిక కోడ్‌లోనూ ఉంది. సంస్థ చేతులు మారితే పాత యజమాని పరిహారం ఇవ్వాలి, లేదా కొత్త యజమాని సర్వీసు తెగకుండా, షరతులు తగ్గించకుండా, పాత సర్వీసు బాధ్యతనూ నెత్తిన వేసుకుని తీసుకోవాలి. కావలసిన మూడు మాటలూ అక్కడే ఉన్నాయి. లోపమల్లా ఒక్కటి. సంస్థ బదిలీ అయితేనే ఆ నియమం పనిచేస్తుంది. టెండరులో ఓడిన ఏజెన్సీ తన సంస్థను గెలిచిన ఏజెన్సీకి బదిలీ చేయదు. కాంట్రాక్టు ఒకరి దగ్గర ముగుస్తుంది, మరొకరి దగ్గర మొదలవుతుంది. ఇద్దరి మధ్య ఏ ఒప్పందమూ ఉండదు. ఆ సందులోంచే లక్షలమంది సర్వీసు జారిపోతోంది.

యూరప్ ఈ సందు దగ్గరే తడబడి తేరుకుంది. 1977 నాటి యూరోపియన్ ఆదేశం వ్యాపారం చేతులు మారినప్పుడు ఉద్యోగులను కాపాడింది. జర్మనీలో బాన్ దగ్గర ఒక పాఠశాలలో శుభ్రం చేసే పని చేసిన ఆయ్‌షె స్యుజెన్ తన కంపెనీ కాంట్రాక్టు పోగొట్టుకోవడంతో ఉద్యోగం కోల్పోయింది. కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. కాంట్రాక్టు ఒకరి నుంచి మరొకరికి పోవడం ఒక్కటే వ్యాపార బదిలీ కాదని 1997 మార్చిలో తీర్పు వచ్చింది. అచ్చంగా మన సమస్యే. బ్రిటన్ 2006లో తన నిబంధనలను తిరగరాసి, సేవా కాంట్రాక్టు చేతులు మారడాన్ని కూడా బదిలీగానే లెక్కించాలని స్పష్టంగా రాసింది. శుభ్రపరచడం, కాపలా, క్యాంటీన్ లాంటి పనుల్లో కాంట్రాక్టు మారితే ఆ పనికి కేటాయించిన బృందం పాత సర్వీసుతో, పాత షరతులతో కొత్త కంపెనీకి వెళ్తుంది. 2013లో అక్కడి ప్రభుత్వం ఇది వ్యాపారాలకు భారమంటూ తీసేస్తామని ప్రతిపాదించింది. అభిప్రాయాలు అడిగాక ఆ ఆలోచన మానుకుంది. నిబంధన లేకపోతే ప్రతి టెండరు మార్పూ కోర్టు వ్యాజ్యమవుతుందన్న భయం వ్యాపారాల్లోనూ కనిపించింది. అమెరికాలో ఫెడరల్ కాంట్రాక్టులకు ఇలాంటి రక్షణ 2009లో అధ్యక్షుడి ఉత్తర్వుగా వచ్చింది, 2019లో రద్దయింది, 2021లో తిరిగొచ్చింది, 2025లో మళ్లీ రద్దయింది. ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వుతోనే పోతుందని మన జీవోలకూ అది పాఠం. న్యూయార్క్ నగరం 2002లో స్థానిక చట్టమే చేసి, భవనాల్లో శుభ్రత, కాపలా కాంట్రాక్టు మారితే కొత్త కాంట్రాక్టర్ పాత సిబ్బందిని కనీసం 90 రోజులు ఉంచుకోవాలంది.

అభ్యంతరాలు బలమైనవే ఉన్నాయి. మొదటిది కాంట్రాక్టర్లది. మా మనుషులను ఎంచుకునే స్వేచ్ఛ మాకు లేకపోతే పనికి మేమెలా బాధ్యులమని వారు అడుగుతారు. మాటలో న్యాయముంది. అయితే ఆచరణ దీనికి భిన్నంగా ఉంది. ఏజెన్సీలు గెలిచాక చేసే మొదటి పని పాతవారినే పిలిచి కొత్త కాగితం మీద సంతకం తీసుకోవడం. రోడ్లు, ఆస్పత్రులు, ప్రసవాలు ఎక్కువగా వచ్చే తండాలు తెలిసిన పైలట్‌ను వదులుకుని కొత్తవాడికి నేర్పించే తీరిక ఎవరికీ ఉండదు. వారికి పాత మనిషి అనుభవం కావాలి, ఆ అనుభవానికి కట్టాల్సిన ఖరీదు మాత్రం వద్దు. పని చేయనివాడిని, తాగి బండి ఎక్కినవాడిని తీసేయడానికి విచారణ, నోటీసు అనే దారులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. సర్వీసు కొనసాగింపు పేరుతో క్రమశిక్షణకు మినహాయింపు ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. కాంట్రాక్టు మారడాన్నే తీసేయడానికి కారణంగా చూపవద్దని మాత్రమే అడుగుతున్నారు.

రెండో అభ్యంతరం ఖర్చు. దీన్ని తేలిగ్గా కొట్టేయకూడదు, ఎందుకంటే జబ్బు మూలం ఇక్కడే ఉంది. మనుషులను సరఫరా చేసే టెండర్లలో జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ముందే ఖరారై ఉంటాయి. ఏజెన్సీలు పోటీ పడేది సర్వీసు చార్జీ మీదే. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో ఆ చార్జీని సున్నా దాకా దించే పోటీని ఆపడానికి కనీసం 3.85 శాతం ఉండాలని పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు గ్రాట్యుటీ లెక్క చూడండి. 26 రోజుల్లో 15 రోజులు, దాన్ని పన్నెండు నెలలకు పంచితే జీతంలో 4.81 శాతం. అంటే 3.85 శాతానికి టెండరు గెలిచిన ఏజెన్సీ నిజాయితీగా గ్రాట్యుటీ దాచిపెడితే తన చార్జీ మొత్తం పోయి పైన చేతి డబ్బు పడుతుంది. ఐదేళ్లు నిండకముందే మారిపోతాం కదా అన్న ధీమాతోనే ఆ ధర వేయగలుగుతున్నారు. ఇంకోలా చెప్పాలంటే, ఇవాళ ప్రభుత్వానికి మిగులుతున్నట్టు కనిపించే సొమ్ము కార్మికుడి గ్రాట్యుటీయే. కాబట్టి ఖర్చు పెరుగుతుందన్న మాట నిజమే. ఎవరో ఒకరు ఇప్పటికే మోస్తున్న ఖర్చు అది, మోయాల్సినవారి పద్దులోకి రావాలి, అంతే. టెండరులో ఆ 4.81 శాతాన్ని పోటీకి అతీతంగా వేరే పద్దుగా పెట్టి, ప్రతి నెలా కార్మికుడి యూఏఎన్‌తో ముడిపెట్టిన గ్రూపు గ్రాట్యుటీ ఖాతాలో వేస్తే ఏ ఏజెన్సీ మీదా అదనపు భారం పడదు, వచ్చేవాడు పోయినవాడి అప్పు మోయాల్సిన పనీ ఉండదు. గ్రాట్యుటీకి తప్పనిసరి బీమా నిబంధనలు దేశంలో ముందుగా తెచ్చిన రాష్ట్రం మనదే, 2011లో. కర్ణాటక 2024లో వచ్చింది. ఆ నిబంధనలను ప్రభుత్వ టెండర్లకు కలపడం కొత్త చట్టం చేయడమంత కష్టమేమీ కాదు.

మూడోది, పాత కంపెనీతోనే మరో చోటికి వెళ్లిపోవచ్చు కదా, ఉద్యోగాలు మారడం లోకసహజమే కదా అనే మాట. హైదరాబాద్‌లో ఒక ఐటీ ప్రాజెక్టు పోయినవారికి ఇది కొంతవరకు చెల్లుతుంది, నాలుగు వీధుల అవతల మరో కంపెనీ ఉంటుంది. 108 కాంట్రాక్టు రాష్ట్రమంతా ఒకే ముక్కగా పోతుంది. పాములపాడు బండి దిగినవాడికి ఆత్మకూరులోనో నందికొట్కూరులోనో మరో యజమాని ఉండడు. అక్కడి బండీ అదే కొత్త సంస్థది. ఒకే ఒక్క కొనుగోలుదారు ఉన్న సంతలో అమ్ముకునేవాడికి బేరమాడే శక్తి ఉండదు. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు, మంచినీటి పథకం కార్మికుడికి కూడా ఊరు దాటితే ఆ నైపుణ్యం కొనేవాడు లేడు. ఇలాంటి చోట ఉద్యోగం మారే స్వేచ్ఛ గురించి చెప్పడం లేని దారిని చూపించడమే. చేరికకు మళ్లీ డబ్బు అడుగుతారన్న ఆరోపణలు ఔట్‌సోర్సింగ్‌లో ఇంతగా వినిపించడానికీ ఆ నిస్సహాయతే మూలం.

ఏజెన్సీలనే తీసేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచనను మన రాష్ట్రం ఒకసారి ప్రయోగించి చూసింది. 2020 జూలై 3న ఆప్కాస్ మొదలైంది. ప్రభుత్వ సొంత కార్పొరేషన్ సుమారు 50 వేలమంది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకు యజమానిగా మారింది. కమీషన్ ఏజెంట్లు పోయారు, జీతం నేరుగా ఖాతాలో పడింది, ముఖ్యంగా టెండరు గడువు అనే కత్తి తల మీది నుంచి తొలగింది. అందుకు దాన్ని మెచ్చుకోవాలి. అయితే అందులోని లోపాలూ తక్కువేం కావు. రికార్డుల్లో ప్రభుత్వ ఉద్యోగులుగా కనిపించడంతో చాలామందికి సంక్షేమ పథకాలు ఆగిపోయాయి, జీతం మాత్రం ప్రభుత్వ ఉద్యోగి జీతం కాలేదు. 2023 డిసెంబరు 26 నుంచి మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది ఈ అసంతృప్తితోనే. పైగా 108 లాంటి సేవలు ఆప్కాస్‌లోకి రానే లేదు. 2025లో కొత్త ప్రభుత్వంలో ఆప్కాస్‌ను రద్దు చేసే ఆలోచన బయటకు రాగానే కార్మికుల్లో మొదటగా కలిగిన భయం, మళ్లీ ఏజెన్సీ చేతికి వెళ్తే సర్వీసు ఏమవుతుందన్నదే. ఒక ప్రభుత్వం పెట్టిన కార్పొరేషన్‌ను మరో ప్రభుత్వం తీసేయగలిగినప్పుడు, కార్మికుడి సర్వీసును సంస్థకు కాకుండా పనికి, మనిషికి ముడివేయడం ఒక్కటే నిలిచే దారి. తెలంగాణలో 2017లో విద్యుత్ సంస్థలు కాంట్రాక్టర్ల కింద ఉన్న 20 వేలమందికి పైగా కార్మికులను ఆర్టిజన్లుగా నేరుగా తీసుకున్నాయి. అది ఇంతకంటే మెరుగైన పరిష్కారం. మన విద్యుత్ కాంట్రాక్టు కార్మికులు దాన్ని అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ మేలు జరిగే దాకా మధ్యలో పోతున్న ఏళ్లను కాపాడేది కొనసాగింపే.

దొడ్డిదారి పర్మినెంటు అవుతుందన్న చివరి భయానికి జవాబు చిన్నది. కొనసాగింపు ఇచ్చినంత మాత్రాన కార్మికుడు ప్రభుత్వ ఉద్యోగి కాడు. రోస్టర్‌కు భంగం రాదు, పోటీ పరీక్ష రాసే నిరుద్యోగి సీటు పోదు. శాంక్షన్డ్ పోస్టు ఒక్కటీ నిండదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు ఈ సమస్యను సగమే తాకాయి. గడువు ఒప్పందంపై నియమించిన ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ రావాలన్నది మంచి మార్పు. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలన్నదీ మంచిదే. ఏజెన్సీ ఇచ్చే పత్రంలో గడువు స్పష్టంగా ఉంటే దాని ఆధారంగా గ్రాట్యుటీ అడగొచ్చు. ఏమీ రాయకుండా వదిలేస్తే వాదన కార్మికుడి నెత్తిన పడుతుంది. మరోవైపు పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్ లాంటివి ముఖ్య కార్యకలాపాలు కావంటూ కాంట్రాక్టుకు వదిలేసే జాబితా కోడ్‌లోకి వచ్చింది. ఇలాంటి జాబితాను 2003లోనే కాంట్రాక్టు కార్మిక చట్ట సవరణతో మొదట చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అన్నది గుర్తుంచుకోవాలి. కాంట్రాక్టుకు తలుపులు తెరవడంలో ముందున్న రాష్ట్రం, అందులో నలిగేవారిని కాపాడటంలోనూ ముందుండాలని అడగడం న్యాయమే.

చట్టం మారే దాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. టెండరు పత్రాన్ని రాసేది ప్రభుత్వ శాఖే. వచ్చే ఏజెన్సీ ఉన్న సిబ్బందిని పాత సర్వీసుతో తీసుకోవాలని, గ్రాట్యుటీ వాటా వేరే పద్దుగా జమ చేయాలని, వెళ్లే ఏజెన్సీ బ్యాంకు గ్యారంటీని ప్రతి కార్మికుడి జీతం, సెలవులు, పీఎఫ్ చుక్తా అయ్యాకే వదలాలని మూడు షరతులు పెట్టడానికి ఏ అసెంబ్లీ తీర్మానమూ అక్కరలేదు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది, ఇప్పటి కోడ్‌లోనూ ఆ నియమం ఉంది కాబట్టి, ఈ జాగ్రత్త శాఖకు కూడా రక్షణే.

కార్మికుల వైపు నుంచి కూడా కొన్ని పనులు వెంటనే జరగాలి. ఏజెన్సీ మారినప్పుడు కొత్త యూఏఎన్ తీయనివ్వకండి, పాతదే ఇవ్వండి. చేతికి నాలుగు డబ్బులు వస్తాయని ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకుంటే పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసు ఎన్నటికీ పోగుపడదు. ఖాతాను బదిలీ చేసుకోండి. పాత ఏజెన్సీ వెళ్లిన తేదీని నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యుడే పోర్టల్‌లో నమోదు చేసుకునే వీలు 2020 నుంచి ఉంది. రాజీనామా అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, పోయింది కాంట్రాక్టు, మీరు మానుకోలేదు. పని ముగిసినప్పుడు సర్వీసు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, నిబంధనల్లో అది మీ హక్కు. ఐదేళ్లు నిండిన ఏజెన్సీ వెళ్లిపోతుంటే గ్రాట్యుటీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. సంఘాలకు ఒక మాట. ఇన్నాళ్లూ పోరాటమంతా కాంట్రాక్టు మారాకే జరిగింది. బిడ్లు తెరిచాక షరతులు మార్చడం ఏ అధికారి చేతిలోనూ ఉండదు. టెండరు నోటీసు రాకముందే, గడువు తీరడానికి ఆరు నెలల ముందే వెళ్లి ఈ మూడు షరతులూ పత్రంలో రాయించండి.